సిగ్గులో ఆవిడ వాటా

మొన్న ఒక వానపొద్దున డాక్టరు దగ్గరికి వెళ్తుంటే, లిఫ్టులో నా పక్కన నిలబడిన పెద్దమనిషి కోటు పూర్తిగా తడిసి ఉంది. తడిసిన ఉన్ని వాసన, దానితోపాటు ఏ బీరువా అడుగునుంచో వచ్చే కర్పూరపుండల వాసన. మూడో అంతస్తులో తలుపులు తెరుచుకున్నా నేను దిగలేదు. ఆయనే వెనక్కి తిరిగి, బాగానే ఉన్నారా అని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను. నిజానికి ఆ క్షణంలో నేను జెర్సీ సిటీలోని మా పాత అపార్ట్‌మెంటు గుమ్మంలో ఉన్నాను. నా ఎదురుగా మా అత్తగారు కోటేశ్వరమ్మ నేతచీర మీద మగవాళ్ళ ఓవర్‌కోటు తొడుక్కుని, వేళ్ళు దాటి వేలాడుతున్న దాని చేతుల్ని మడుచుకుంటూ, "పద, ఆలస్యమవుతోంది" అంటున్నారు. ఆ కోటు ఆవిడ కొడుకుది. నన్నూ, మా పాపనూ, ఆ కోటునూ అతను ఒకేసారి వదిలి వెళ్ళాడు.

ఆవిడ మా దగ్గరికి వచ్చింది 1970ల చివర్లో, మామగారు పోయిన ఏడాదికి. మామగారు స్టేషన్ మాస్టరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ కాపురం రైల్వే క్వార్టర్లలోనే గడిచింది. ఏ ఊరూ తనది కాదన్న మనిషి కనుక ఈ దేశం ఆవిడను పెద్దగా బెదిరించలేదు. పాపను స్కూలు బస్సు ఎక్కించడం, చలికాలంలో రేడియేటరు మీద వడియాలు ఎండబెట్టడం, పై అంతస్తు ముసలావిడతో చేతిసైగలతో గంటసేపు మాట్లాడటం అన్నీ నెల తిరక్కుండానే పట్టుబడ్డాయి. నేను ఇన్సూరెన్సు కంపెనీలో డేటా ఎంట్రీ చేసేదాన్ని. రోజూ పొద్దున్నే మన్‌హాటన్ రైలెక్కేదాన్ని. ఇల్లు ఆవిడ చేతిలో ఉండేది.

అప్పుడే మా ఆయన నరసింహమూర్తికి మిషిగన్ రాష్ట్రంలో డిట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ముందు తను వెళ్ళి ఇల్లు చూసుకుని మమ్మల్ని తీసుకెళ్తానన్నాడు. మొదట్లో వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు. తరవాత ఆదివారాలే. ఆ తరవాత ఆదివారాల్లో కూడా నాతో కాక తల్లితో మాత్రమే. చివరికి ఒకరోజు ఎవరో వచ్చి నా చేత సంతకం పెట్టించుకుని కోర్టు కాగితాలు ఇచ్చి వెళ్ళారు. పైన ఉన్న ఒక్క మాట చదివి, చెప్పిన చోట సంతకాలు చేసి వెనక్కి పంపేశాను. కొన్ని నెలల తరవాత ఇంకో కవరు వచ్చింది. అందులో ఏముందో నాకు తెలుసు. ఎంత చేతకాని ఆడదాన్ని కాకపోతే ఇలా జరిగిందో, అదంతా ఆ కవరులో జడ్జిగారు వివరంగా రాసి ఉంటారని నా నమ్మకం. విప్పకుండానే వరండా చివర చెత్త జారవిడిచే గొట్టంలో పడేశాను.

అత్తగారు చూస్తూ నిలబడ్డారు. ఆ సాయంత్రం కొడుకు ఫోన్ చేసి, టికెట్ కొంటాను, డిట్రాయిట్ పక్కన తనుంటున్న ట్రాయ్‌కి వచ్చెయ్యమన్నాడట. రిసీవరు అవతలి మాటలు నాకు వినబడలేదు కానీ ఈవిడ మాటలు విన్నాను.

"నువ్వు నా కొడుకువే, కాదన్ను. కానీ నా ఇల్లు ఇది. పిల్ల ఇక్కడుంది."

ఫోన్ పెట్టేసి, బియ్యం కడగడానికి వెళ్ళిపోయారు. ఆ విషయం మా మధ్య మళ్ళీ చాలాకాలం రాలేదు.

బయట మాత్రం నేను నా భర్త ప్రాజెక్టు మీద మిషిగన్‌లో ఉన్నాడనే చెబుతూ వచ్చాను. ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళు తక్కువ. ఏ పండగకో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని అందరం చేరేవాళ్ళం. అందరికీ అందరి సంగతులూ కావాలి. ఒక ఉగాదికి పులిహోర పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా, మా వెనక ఉన్నావిడ, మంచి మనిషే, కలుపుగోలుగా అడిగింది.

"ఏవండీ వసుంధరగారూ, మీవారి ప్రాజెక్టు ఇంకా అవలేదా? పాపం, రెండిళ్ళ ఖర్చు!"

"ఎక్స్‌టెండ్ చేశారండీ" అన్నాను.

నా ముందు నిలబడ్డ అత్తగారు వెనక్కి తిరిగారు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"ప్రాజెక్టూ లేదు, ఏమీ లేదమ్మా. మావాడు అమ్మాయికి విడాకులిచ్చాడు. అక్కడ ఇంకో ఆవిడతో ఉంటున్నాడు. నేను కోడలి దగ్గరే ఉన్నాను."

వరస మొత్తం కదలడం మానేసింది. ఎవరి చేతిలోనో గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు విన్నాను. ఆవిడ మాత్రం పచ్చడి వడ్డించుకుని, పాపకు కూడా వడ్డించి, కుర్చీ వెతుక్కుంటూ వెళ్ళారు. నేను పళ్ళెం అక్కడే పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. మొహం మీద ఎన్ని నీళ్ళు కొట్టుకున్నా మంట తగ్గలేదు. బయట పిల్లలు పద్యాలు చెబుతున్నారు, చప్పట్లు వినిపిస్తున్నాయి. నేనిక ఈ మనుషుల్లోకి ఎలా రాగలను అనుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆవిడ మీద అరిచాను. అంతకుముందెప్పుడూ అరిచి ఎరగను.

"మీరు చెప్పకపోతే ఏం పోయేది అత్తయ్యా? నా పరువు తీశారు!"

ఆవిడ కోటు విప్పి మేకుకు తగిలించి, నెమ్మదిగా అన్నారు. "తీసింది మావాడు. నేను చెప్పానంతే. రోజుకో అబద్ధం అతికించుకుంటూ నువ్వు చిక్కిపోతుంటే చూడలేకపోయాను."

చాలా రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ చెప్పింది నిజమేనని తెలుసు. అయినా సిగ్గు నిజాన్ని లెక్కచేయదు. రైలు ప్లాట్‌ఫారం మీద చీర కనిపిస్తే స్తంభం చాటుకు వెళ్ళేదాన్ని.

ఆనందరావుగారు మాకు గంట దూరంలోని ఎడిసన్‌లో ఫార్మసిస్టు. భార్య జబ్బుచేసి పోయింది, పిల్లలు లేరు. ఆ ఉగాది నాడు ఆయన కూడా ఆ వరసలోనే ఉన్నారట. తరవాత ఒకసారి పాప చెవినొప్పికి మందు విషయంలో పరిచయమై, ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు. అత్తగారితో రైళ్ళ గురించి మాట్లాడేవారు. ఏడాది గడిచాక ఆయన పెళ్ళి మాట ఎత్తింది నాతో కాదు, ఆవిడతో. ఆవిడ వంటింట్లోకి వచ్చి నాతో ఇంతే అన్నారు: "మంచివాడు. నీకు ఇష్టమైతే నాకు సంతోషం. నాకోసమని మాత్రం వద్దనకు."

ఇష్టమేనని చెప్పడానికి నాకు చలికాలమంతా పట్టింది. పెళ్ళి లైసెన్సుకు టౌన్‌హాలుకు వెళ్తే అక్కడి ఉద్యోగిని మొదట అడిగింది మొదటి పెళ్ళి రద్దయిన తీర్పు నకలు, కోర్టు ముద్రతో. ఆనందరావుగారు నా వైపు చూశారు. ఇంట్లో ఉందని చెప్పి బయటికి వచ్చేశాను. గొట్టంలో పడేశానని ఆయనకు ఎలా చెప్పను?

ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి. ఆఫీసు ఫోన్‌లో ఆ మాట అనలేక, మధ్యాహ్నం భోజనానికి బయటికి వచ్చి వీధి చివర ఫోన్‌బూత్‌లో నిలబడి, ట్రాయ్ ఉన్న కౌంటీకి, అంటే మన జిల్లాలాంటిదానికి, చెందిన కోర్టుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి ఓపికగానే చెప్పింది. విడాకుల కేసులు కౌంటీ క్లర్కు దగ్గర ఉంటాయి. ఇద్దరి పూర్తి పేర్లు, సుమారుగా ఏ సంవత్సరమో రాసి పంపితే వెతుకుతారు. కేసు వేసినవాళ్ళ ఇంటిపేరు ప్రకారం పుస్తకాలు ఉంటాయి. కేసు నంబరు తెలిస్తే ఇంకా మంచిది. నాకు నంబరు తెలియదు. ఉత్తరం రాసి పంపాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. తాళ్ళవలస అనే ఇంటిపేరుతో మా కౌంటీలో ఏ కేసూ లేదని.

ఆ రాత్రి నాకొక పిచ్చి భయం పట్టుకుంది. అసలు విడాకులే కాలేదా? ఇన్నాళ్ళూ ఈ అవమానమంతా ఉత్తదేనా? ఇంకా అతని భార్యనేనా? పొద్దున అత్తగారికి ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ పాప జడ అల్లడం పూర్తిచేసి, పై అంతస్తు ముసలావిడ దగ్గరికి పంపి వచ్చి, ఫోన్ పక్కన కూర్చున్నారు.

"నంబరు తిప్పు."

"ఎవరిది?"

"ఎవరిదేంటి, మావాడిది. శనివారమేగా, ఇంట్లోనే ఉంటాడు."

ఆవిడ కొడుక్కి తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు. నేను నంబరు తిప్పి రిసీవరు ఇచ్చి దూరంగా నిలబడ్డాను. ముందు ఎవరో ఆడమనిషి తీసింది. అత్తగారు "మదర్" అన్నారు. కాసేపటికి కొడుకు అందుకున్నాడు.

"నేనేరా. బాగానే ఉన్నాం. ఒక సంగతి కనుక్కుందామని చేశాను. నీ విడాకుల కేసు ఏ ఊళ్ళో వేశావు?"

అతను ఏదో అన్నాడు.

"పెళ్ళికి కావాలి. అమ్మాయికి పెళ్ళి చేస్తున్నాను... ఏ అమ్మాయేవిటి? నీ భార్యకి."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకున్నారు. అవతలినుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. చివరికి, "ఊరు సరే, మరి పేరెందుకు దొరకలేదు?" అని అడిగారు. మళ్ళీ విన్నారు. ఈసారి ఆవిడ మొహంలో రంగు మారింది.

"మీ నాన్నగారిచ్చిన పేరు కూడానా" అని, అతను ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశారు.

తరవాత నాకు విషయం చెప్పారు. కేసు వేసినప్పుడు అతను ట్రాయ్‌లో లేడట, పక్క కౌంటీలో అద్దెకుండేవాడట. మనిషి ఇప్పుడున్న చోట కాదు, అప్పుడున్న చోట వెతకాలి. ఇక పేరు. సిటిజన్‌షిప్ తీసుకున్నప్పుడే మార్చుకున్నాడట. నార్మన్ మూర్తి. ఇంటిపేరు మూర్తి.

"తాళ్ళవలసవారి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళయింది" అన్నారావిడ. "ఆ పేరు పలకడానికి వాడికి సిగ్గయిందట."

మళ్ళీ ఉత్తరం రాస్తానన్నాను. ఆవిడ వద్దన్నారు. "పోస్టులో వస్తే మళ్ళీ గొట్టంలో పడేస్తావు. వెళ్ళి చేత్తో పుచ్చుకుందాం."

పాపను పై అంతస్తు ముసలావిడకు అప్పజెప్పి బస్సులో వెళ్ళాం. మిషిగన్ చేరేసరికి తెల్లారి సన్నటి వాన పడుతోంది. అత్తగారి కోటు తడిసి బరువెక్కింది. కోర్టు భవనంలో రికార్డుల కిటికీ ముందు అప్పటికే మనుషులున్నారు. మా వంతు వచ్చింది. కళ్ళజోడు గొలుసుకు వేలాడేసుకున్న ఒక నడివయసు క్లర్కు, ఏం కావాలని అడిగింది.

నేను చెప్పాననే అనుకున్నాను. ఆమె ముందుకు వంగి, "వినపడలేదు, కాస్త గట్టిగా" అంది. వెనక ఒకతను పొడిగా దగ్గాడు. నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. అత్తగారు నా మోచేయి తట్టారు.

"స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ దగ్గర గొణిగేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళ బండి వెళ్ళిపోయేది. అడుగు."

"డైవోర్స్" అన్నాను. "నా డైవోర్స్ తీర్పు సర్టిఫైడ్ కాపీ కావాలి."

ఆ మాట మనుషుల ఎదుట నా నోటితో ఏ భాషలోనూ అంతకుముందు బయటికి అని ఉండలేదు. క్లర్కు మాత్రం రొట్టె అడిగినంత మామూలుగా విని, పేర్లు రాసుకుని, "కేసులో మీరు వాదా, ప్రతివాదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఏవంటోంది?" అన్నారు అత్తగారు.

"నేను ముద్దాయినట అత్తయ్యా" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నా డ్రైవింగు లైసెన్సు మీద తాళ్ళవలస, ఫైలు మీద మూర్తి. క్లర్కు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. నా పుట్టినరోజు, పెళ్ళయిన ఊరు, పాప పేరు అడిగి ఫైలుతో సరిచూసుకుంది. తరవాత అత్తగారి వైపు చూసి, ఈమె ఎవరు అంది. ఫ్యామిలీ కేసుల్లో కొన్ని కాగితాలు, ముఖ్యంగా పిల్లలకు సంబంధించినవి, కేసులో ఉన్నవాళ్ళకు తప్ప చూపించరట.

"మా అమ్మ" అన్నాను. అంతకంటే సులువైన జవాబు నాకు తోచలేదు.

మదర్ అన్న మాట ఆవిడకు అర్థమైంది. తల అడ్డంగా ఊపి, కిటికీకి దగ్గరగా వచ్చి, తనకు వచ్చిన ఇంగ్లీషులో, "నో. హజ్బెండ్ మదర్" అన్నారు. అంటూ తల దించుకున్నారు. ఆవిడ తల దించుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. క్లర్కు ఒకసారి ఆవిడనూ, ఒకసారి నన్నూ చూసి, ఇంకేమీ అడక్కుండా పక్కనున్న బల్ల చూపించింది. పిల్లల కాగితాలున్న కవరు తీసి పక్కన పెట్టి, మిగిలిన ఫైలు తెచ్చి మా ముందు ఉంచింది.

నేను ఇన్నేళ్ళు భయపడిన తీర్పు కొన్ని పేజీలే. అత్తగారు పక్కన కూర్చుని, "చదివి చెప్పు" అన్నారు. నేను ఒక్కో వాక్యం తెలుగు చేసి చెబుతూ పోయాను. పాప నా దగ్గర ఉండాలి. తండ్రి వచ్చి చూడవచ్చు. భార్యాభర్తల బంధం మళ్ళీ నిలబెట్టడానికి వీల్లేనంతగా చెడింది కాబట్టి రద్దు చేస్తున్నాం. అంతే. నా గురించి ఒక్క చెడ్డమాట లేదు. మంచిమాటా లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

"తప్పు ఎవరిదని రాశారు?" అన్నారావిడ.

"ఎవరిదీ రాయలేదు అత్తయ్యా. ఇక్కడ అలా రాయరట."

"మావాడిదని రాయలేదా?"

"లేదు."

ఆవిడకు కోపం వచ్చింది. "అదేం కోర్టు? ఇంత జరిగితే తప్పెవరిదో రాయరా? మరి ఎవరు రాస్తారు?"

నకలు మీద ముద్ర వేయించుకుని బయటికి వచ్చి, వాన తగ్గేదాకా కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాం. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. తెచ్చుకున్న చపాతీ పొట్లం విప్పుతుంటే, ఆవిడ నా చేయి పట్టుకుని ఆపారు.

"కాగితంలో లేదు కనక నేను చెబుతున్నాను. తప్పు మాది. వాణ్ణి కన్నాను, పెంచాను, నీ మెడలో పుస్తె కట్టించాను. క్షమించమని అడగను, అది వాడు అడగాలి."

"అయ్యో, మీరేం చేశారు అత్తయ్యా, అలా అనకండి—"

"నన్ను ఆపకు అమ్మాయ్. ఇన్నాళ్ళూ అంతా నీ ఒక్కదానిదే అన్నట్టు మోశావు. స్తంభాల చాటున దాక్కున్నావు. ఇందులో నా వాటా ఉంది. నా వాటా నాకియ్యి."

నాకు ఏడుపు వచ్చింది. జనం నడిచిపోతున్నారు. ఆవిడ కోటు చేత్తో నా మొహం తుడిచి, చపాతీ తుంచి నోటికి అందించారు. ఇద్దరం సిగ్గుతో తలలు వంచుకునే తిన్నాం. కానీ ఒకే బెంచీ మీద కూర్చుని తిన్నాం. నాకు ఇన్నాళ్ళలో తిండి రుచి తెలిసింది ఆ రోజే అనిపించింది.

పెళ్ళి టౌన్‌హాల్లో జరిగింది. అత్తగారు నా వైపు పెద్దదిక్కుగా నిలబడ్డారు. తరవాత మాతో ఎడిసన్ వచ్చారు. ఆనందరావుగారు ఆవిడను నాలాగే అత్తయ్యగారూ అని పిలిచేవారు. అప్పుడప్పుడే ఒకటీ అరా మన కొట్లు తెరుస్తున్న రోజులు. కూరగాయల దగ్గర ఎవరైనా, మీరు వసుంధరగారికి ఏమవుతారని అడిగితే, ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేవారు. ప్రతిసారీ నా మొహం వేడెక్కేది. ఆవిడ మొహం కూడా కందేదని, మాట మాత్రం ఆగేది కాదని ఆ బెంచీ తరవాతే గమనించాను. 1980ల చివర్లో, మా ఇంట్లోనే, పాప చేతిలో చేయి పెట్టుకుని పోయారు. కొడుకు వచ్చాడు, కర్మ చేశాడు. మంత్రాల మధ్య పురోహితుడు ఇంటిపేరు అడిగితే కాసేపు ఆగి, తాళ్ళవలస అన్నాడు.

ఇప్పుడు నాకు అప్పుడప్పుడు విడాకులైన మన అమ్మాయిల ఫోన్లు వస్తాయి. గొంతులు చిన్నవి, చాలా మెల్లగా మాట్లాడతారు. "ఆంటీ, ఎవరికీ తెలియకుండా ఆ ఆర్డర్ కాపీ తెప్పించుకోవడం ఎలా?" అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. కేసు వేసిన రోజుల్లో వేసిన మనిషి ఏ కౌంటీలో ఉండేవాడో కనుక్కో. ఏ పేరుతో వేశాడో కనుక్కో. నీ పేరు ఎలా రాశారో చూసుకో. పిల్లల కాగితాలు అందరికీ చూపించరు, భయపడకు. అన్నీ విని, "మీరే ఫోన్ చేసి అడుగుతారా ఆంటీ, నాకు సిగ్గుగా ఉంది" అంటారు. పక్కన కూర్చుంటాను, అడగడం మాత్రం నువ్వే అడగాలి అంటాను.

నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని వాళ్ళు ఫోన్‌లో ఆ మాట అనేటప్పుడు, గొంతు సరిగ్గా అక్కడే సన్నబడుతుంది. ఇన్నేళ్ళ తరవాత కూడా నా చెంపలు వాళ్ళతోపాటు వేడెక్కుతాయి. ఆ వేడి తగ్గిపోతుందని నేను వాళ్ళకు చెప్పను. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని కూర్చుంటాను.